గ్లాసు నింపి ఇచ్చిన చెయ్యి

(రేడియో ప్రసంగ పాఠము. వాక్యభాగములు: యిర్మీయా 35వ అధ్యాయము, హబక్కూకు 2:15)

ఈ ఉదయం మీలో కొందరు పొలానికి పోయే తొందరలో ఉంటారు, కొందరు వంటింట్లో రేడియో పెట్టుకొని పని చేసుకుంటూ వింటూ ఉంటారు. కొంచెం సమయం నాకివ్వండి. ఇంట్లో కాలేజీకి పోయే పిల్లలుంటే, ముఖ్యంగా ఆటలాడే పిల్లలుంటే, వాళ్ళను కూడా పిలిచి దగ్గర కూర్చోబెట్టుకోండి. అయితే ఒక మాట ముందే చెబుతాను. వాళ్ళను తిట్టటానికి నేనీ ప్రసంగం సిద్ధపరచలేదు. నిజానికి వాళ్ళకంటే ఎక్కువగా నాకూ, నా వయసు వాళ్ళకూ చెందిన సంగతి ఇది.

నేను సేవ చేసేది అనంతపురం జిల్లా గార్లదిన్నె ప్రాంతంలో. హైదరాబాదు నుండి బెంగళూరుకు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మా మండలం మీదుగానే పోతుంది. తుంగభద్ర నీళ్ళు హెచ్చెల్సీ గుండా పెనకచర్ల డ్యాముకు చేరిన సంవత్సరం కాలువ క్రింద పచ్చదనం కనబడుతుంది. మిగిలిన చోట్ల వానను నమ్ముకొని శెనక్కాయలు విత్తుతారు. వాన మొఖం చాటేస్తే బెంగళూరు బస్సెక్కుతారు. ఇటువంటి ఊరిలో పిల్లవాడు చెడుగుడు బాగా ఆడుతున్నాడంటే అది కాలక్షేపం మాత్రమే కాదు. రైల్వేలోనో పోలీసులోనో క్రీడల కోటాలో ఒక ఉద్యోగం, తల్లికి నెలనెలా జీతం, చెల్లెలి పెండ్లి, ఇవన్నీ ఆ కుర్రవాని మోకాళ్ళ మీద ఆధారపడి ఉంటాయి.

మా జిల్లాకు ఆటల విషయంలో మంచి పేరే ఉంది. 1969లో విన్సెంట్ ఫెర్రర్ గారు ప్రారంభించిన ఆర్.డి.టి. సంస్థ అనంతపురంలో ఆటస్థలాలు కట్టించింది. 2010లో స్పెయిన్ దేశపు టెన్నిస్ వీరుడు రఫేల్ నాదల్ పేరిట అక్కడ పాఠశాల మొదలైంది. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ క్రికెట్ పోటీలు అక్కడే జరిగాయి. పల్లె పిల్లలు సైకిళ్ళ మీద, బస్సుల్లో పోయి చూసి వచ్చారు. ఆట అనేది దేవుడు మన పేద పిల్లలకు తెరిచిన ఒక ద్వారమని నేను నమ్ముతాను. అందుకే ఆ ద్వారం దగ్గరే ఎవరో సీసా పట్టుకొని నిలబడి ఉండటం నాకు బాధ కలిగిస్తుంది.

ఒక పిల్లవాని సంగతి చెబుతాను. పేరు చెప్పను, ఊరు చెప్పను, కాలేజీ కూడా చెప్పను. మా సంఘంలో పెరిగిన పిల్లవాడే. తండ్రి తాగి తాగి చనిపోయాడు. తల్లి శెనక్కాయలు ఒలిచే కూలికి పోయి చదివించింది. సండే స్కూల్లో వాడు వాక్యాలు వల్లించటంలో వెనుక, పరుగెత్తటంలో ముందు. చెడుగుడులో కూతకు పోతే అవతలి జట్టులో ముగ్గురు పట్టుకున్నా గీత దాకా ఈడ్చుకొని వచ్చేవాడు. డిగ్రీ రెండో సంవత్సరంలో కాలేజీ జట్టులో చేరాడు. అప్పటికి వానికి పందొమ్మిదేండ్లు. యూనివర్సిటీ జట్టు ఎంపికకు పిలుపు వచ్చింది. ఆ ఆదివారం తల్లి కానుక పెట్టెలో యాభై రూపాయల నోటు వేసి, నా దగ్గరికి వచ్చి, "అయ్యా, మా వానికోసం ప్రార్థన చేయండయ్యా, ఈసారి ఎట్లైనా సెలెక్ట్ అవుతాడంట" అని చెప్పింది.

ఎంపికకు రెండు రోజుల ముందు వీళ్ళ జట్టు ఒక పోటీలో గెలిచింది. గెలిచినందుకు పార్టీ. హైవే పక్కన ఒక డాబా. సీనియర్లు పోశారు, చిన్నవాళ్ళు తాగారు. రాత్రి పదకొండు దాటాక ఒక బైకు మీద ముగ్గురు ఎక్కారు. మా వాడు చివర కూర్చున్నాడు. నడిపిన కుర్రవాడూ తాగినవాడే. డివైడరుకు కొట్టుకున్నారు. దేవుని దయవల్ల ఎవరి ప్రాణమూ పోలేదు. మా వాని కాలి ఎముక రెండు చోట్ల విరిగింది, మోకాలి లోపలి లిగమెంటు తెగిపోయింది. ఇది జరిగి నాలుగు సంవత్సరాలయింది.

మరునాడు ఆసుపత్రికి పోయాను. తల్లి మంచం కింద కూర్చొని ఉంది, ఏడుపు కూడా లేదు. ఆమె నన్నొక్క మాట అడిగింది. "అయ్యా, వాళ్ళ నాయన తాగి చచ్చినాడని వీనికి తెలుసు గదా. తెలిసి తెలిసి ఎట్ల తాగినాడయ్యా?" నా దగ్గర జవాబు లేదు. ఎందుకు లేదో ఆ పిల్లవాడే చెప్పాడు. ఆమె మాత్రలు తీసుకురావటానికి కిందికి పోయినప్పుడు వాడు నా చెయ్యి పట్టుకొని, "అయ్యగారూ, మీకొకటి చెప్పల్ల. నాకు మొదటిసారి పోసింది కాలేజీలో కాదు. మన సంక్రాంతి టోర్నమెంటు రోజు. మీరు ప్రార్థన చేసి ఇంటికి పోయినాక" అన్నాడు.

ప్రియులారా, ఆ టోర్నమెంటు నాకు గుర్తుంది. అప్పటికి వానికి పదిహేడేండ్లు. ఊరి యువకులు పెట్టిన పోటీ అది. నన్ను ప్రారంభ ప్రార్థనకు పిలిచారు. షీల్డు ఇచ్చినవాడు మద్యం వ్యాపారంలో ఉన్న ఒక పెద్దమనిషి. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, నాకూ తెలుసు. ఫైనలు జరుగుతుండగా ఒక ఆటో వచ్చింది. దాని వెనుక గోనెసంచి కప్పిన అట్టపెట్టెలు ఉన్నాయి. అవేమిటో నేను చూడగానే గ్రహించాను. పండుగ పూట పదిమందిలో గొడవెందుకని అనుకున్నాను. నాతో మర్యాదగా మాట్లాడే మనిషిని నలుగురిలో అవమానపరచటం ఎందుకని కూడా అనుకున్నాను. శాలువా కప్పించుకొని ఇంటికి పోయాను. ఇంట్లో అరిసెలు తిన్నాను.

వేదాంత కళాశాలలో నాకు హబక్కూకు గ్రంథం మీద పరీక్ష జరిగింది. మంచి మార్కులే వచ్చాయి. రెండవ అధ్యాయంలో ఐదు శ్రమ ప్రకటనలు ఉన్నాయని, అందులో నాలుగవది పదిహేనవ వచనమని రాశాను. కానీ ఆసుపత్రి మంచం పక్కన నిలబడిన రోజే ఆ వచనం నాకు నిజంగా అర్థమైంది. ప్రవక్త అక్కడ తాగినవానివైపు వేలు చూపటం లేదు. తోటి మనిషికి మద్యం పోసి, మత్తెక్కించి, వాడు సిగ్గుపాలు కావటం చూడాలనుకునేవానిని గూర్చి అయ్యో అంటున్నాడు. మనం సంఘాలలో తాగుబోతు మీద వందల ప్రసంగాలు చేశాము. పోసినవాని మీద ఎన్ని చేశాము? ప్రవక్త బబులోను సామ్రాజ్యాన్ని ఉద్దేశించి ఆ మాట చెప్పాడు, నిజమే. అయినా ఈనాడు హాస్టలు గదిలో జూనియరుకు బలవంతంగా తాగించి, వాడు వాంతి చేసుకుంటుంటే, బట్టలు సర్దుకోలేక పడిపోతుంటే, సెల్‌ఫోనులో వీడియో తీసి నవ్వుకునే సీనియర్లను చూస్తే ఆ వచనం ఎవరికి రాయబడిందో అని నాకు అనుమానం రాదు. ఇలా తాగించటం మన రాష్ట్రంలో 1997 నాటి ర్యాగింగ్ నిషేధ చట్టం ప్రకారం నేరం కూడా.

చట్టం మాట వచ్చింది గనుక ఇది కూడా వినండి. ఆంధ్రప్రదేశ్‌లో 21 సంవత్సరాలు నిండనివారికి మద్యం అమ్మకూడదు. పద్దెనిమిది నిండితే చాలు అని చాలామంది అనుకుంటారు. అది ఓటుకు, డ్రైవింగ్ లైసెన్సుకు. లెక్క వేసుకోండి. ఇంటర్ రెండేండ్లు, డిగ్రీ మూడేండ్లు, దాదాపు కాలేజీ రోజులన్నీ ఆ వయసు లోపలే గడిచిపోతాయి. ఇక పద్దెనిమిది నిండని పిల్లలకు వైద్యుని సలహా లేకుండా మద్యం ఇచ్చినవారికి 2015 నాటి బాలల న్యాయ చట్టం 77వ సెక్షను క్రింద ఏడేండ్ల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది. అమ్మినవానికి మాత్రమే కాదు, ఇచ్చినవానికి కూడా. మామ కావచ్చు, జట్టు కెప్టెన్ కావచ్చు, టోర్నమెంటు పెద్ద కావచ్చు. మా మైదానంలో ఆ రోజు పదిహేడేండ్ల పిల్లవానికి గ్లాసు ఇచ్చిన చెయ్యి ఏడేండ్ల శిక్షకు తగిన చెయ్యి. దానిని చూసి తల తిప్పుకున్న కండ్లకు ఏ సెక్షను ఉందో నాకు తెలియదు గానీ దేవుని యెదుట లెక్క ఉంది.

మన తెలుగు తల్లులు ఒకప్పుడు ఈ చేతిని పట్టుకొని ఆపారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో వర్ధినేని రోశమ్మ వంటి చదువు అంతగా లేని స్త్రీలు సారాయి అంగడిని మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారాయి నిషేధం, 1995 జనవరి 16 నుండి సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధం ఎత్తివేశారు. తరువాత ప్రభుత్వాలు మారాయి. అంగళ్ళు ప్రైవేటువారివి అయ్యాయి, 2019లో ప్రభుత్వానివి అయ్యాయి, 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటువారివి అయ్యాయి. క్వార్టరు 99 రూపాయలకు దొరికే రోజు వచ్చింది. ఈ రాజకీయం నాకు వద్దు. అంగడి ఎవరిదైనా 21 అనే అంకె మాత్రం మారలేదు. ఆ అంకెను కాపాడటానికి ఏ పార్టీవాళ్ళూ అడ్డు రారు.

ఆటలాడే పిల్లలు ఎందుకు తాగుతారు? వాళ్ళకు శరీరం మీద శ్రద్ధ ఎక్కువ గనుక వాళ్ళు తాగరని మనం అనుకుంటాము. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం వారు కాలేజీ విద్యార్థుల తాగుడు మీద పెద్ద పరిశోధన చేశారు. అక్కడ ఒకే కూర్చోవటంలో మితిమీరి తాగే అలవాటు ఆటగాళ్ళలోనే మిగిలినవారికంటే ఎక్కువగా కనిపించింది. ఆ దేశంలో కూడా 21 ఏండ్లు నిండాలనే చట్టమే ఉంది. కారణం ఊహించటం కష్టం కాదు. ఒకే జట్టు, ఒకే బస్సు, ఒకే గది. గెలిస్తే సంతోషానికి, ఓడితే దుఃఖానికి. అందరూ తాగుతుండగా ఒక్కడు వద్దంటే వాడు జట్టువాడు కానట్టు. పందొమ్మిదేండ్ల పిల్లవానికి ప్రాణం పోయినా ఫరవాలేదు గానీ జట్టువాళ్ళు వెలివేస్తే తట్టుకోలేడు. ఇది తెలిసినవాడు గనుకనే సాతాను సీసాను శత్రువు చేత పంపడు, స్నేహితుని చేతికిచ్చి పంపిస్తాడు.

ఇప్పుడు పిల్లలారా, మీతో కొంచెం మాట్లాడతాను. "చెమట పడితే దిగిపోతుందయ్యా" అంటారు మీరు. అది అబద్ధం. రక్తంలోని మద్యాన్ని విరగ్గొట్టే పనిలో ఎక్కువ భాగం కాలేయానిదే. అది గంటకు సుమారు ఒక చిన్న పెగ్గు, అంటే 30 మిల్లీలీటర్లు మాత్రమే సర్దగలదు. నువ్వు పరుగెత్తినా, చల్లనీళ్ళు పోసుకున్నా, నిమ్మకాయ రసం తాగినా దాని వేగం పెరగదు. క్వార్టరు అంటే 180 మిల్లీలీటర్లు, ఆరు చిన్న పెగ్గులు. రాత్రి పదకొండు గంటలకు అది ముగించినవాడు తెల్లవారి నాలుగున్నర ఐదింటికి కూడా పూర్తిగా తేరుకొని ఉండడు. ఐదున్నరకు మీ ప్రాక్టీసు. "బీరే కదా" అంటారు. 8 శాతం స్ట్రాంగ్ బీరు పెద్ద సీసా ఒకటి తాగితే 60 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గులు రెండు తాగినంత మద్యం లోపలికి పోయినట్టే. పేరు వేరు, మత్తు ఒక్కటే.

మద్యం మూత్రాన్ని ఎక్కువ చేసి ఒంట్లో నీళ్ళను బయటికి తోస్తుంది. మన అనంతపురం ఎండలో ఆడేవానికి ఒంట్లో నీళ్ళు ఎంత అవసరమో నేను చెప్పనక్కర లేదు. ఆట తరువాత అరిగిన కండరం తనను తాను బాగుచేసుకొంటుంది, దానివల్లనే బలం పెరుగుతుంది. 2014లో ఆస్ట్రేలియాలో కొందరు పరిశోధకులు ఎనిమిది మంది శిక్షణ పొందిన యువకులకు వ్యాయామం తరువాత మద్యం ఇచ్చి చూశారు. కండరం తిరిగి కట్టుకునే పని, మంచి ప్రోటీను ఆహారం ఇచ్చినా సరే, 24 శాతం తగ్గిపోయింది. అది ఇవ్వని సందర్భంలో 37 శాతం తగ్గింది. పాపం ఆ తల్లి గుడ్లు కొనిపెట్టి బలం రావాలని చూస్తుంది, కొడుకు ఒక్క రాత్రిలో దానిని పోగొట్టుకుంటాడు. ఇంకొక సంగతి. పదిహేను నిండకముందే తాగుడు మొదలుపెట్టినవారిలో పదిమందికి నలుగురు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దానికి బానిసలయ్యారని, ఇరవై దాటాక మొదలుపెట్టినవారిలో పదిమందికి ఒకరని 1997లో అమెరికా పరిశోధకులు లెక్క తేల్చారు. మెదడు ఇరవై అయిదు దగ్గరపడేదాకా పెరుగుతూనే ఉంటుంది. ఎదిగే మొక్కకు, ఎదిగిన చెట్టుకు ఒకే గొడ్డలి దెబ్బ ఒకేలా తగలదు.

ఒకవేళ మీ స్నేహితుడు తాగి తెలివితప్పి పడిపోతే, గదిలో పడుకోబెట్టి తలుపు వేసుకొని పోకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, వాంతి గొంతులోకి పోకుండా ఉంటుంది. నోట్లో మజ్జిగ, నీళ్ళు పోయకండి. ఊపిరి నెమ్మదించినా, పిలిస్తే పలకకపోయినా 108కి ఫోను చేయండి. కాలేజీవాళ్ళకు తెలిసిపోతుందని భయపడకండి. వానిని బ్రతికించండి, తిట్లు తరువాత తినవచ్చు.

మా ఊరి మీదుగా పోయే ఈ రహదారిమీదనే 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున జరిగినది మీరందరూ విన్నదే. కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద ఒక యువకుడు బైకు అదుపు తప్పి డివైడరుకు కొట్టుకొని చనిపోయాడు. వెనుక కూర్చున్న స్నేహితుడు బ్రతికాడు. రోడ్డు మీద పడి ఉన్న ఆ బైకు మీదికి హైదరాబాదు నుండి బెంగళూరు పోయే ప్రైవేటు బస్సు ఎక్కి దానిని ఈడ్చుకొని పోయింది. మంటలు లేచాయి. నిద్రలో ఉన్న 19 మంది ప్రయాణికులు చనిపోయారు. బైకు మీది ఇద్దరూ తాగి ఉన్నారని పరీక్షలో తేలిందని పోలీసులు చెప్పారు. బస్సు నడిపిన తీరు, బస్సులోని సామాను, వీటిమీద కూడా ప్రశ్నలు వచ్చాయి. తప్పంతా ఒక్క కుర్రవాని నెత్తిన వేయటం న్యాయం కాదు. అయితే ఆ బస్సు క్షేమంగా సాగి ఉంటే సూర్యోదయం వేళకు మా గార్లదిన్నె దాటి పోయి ఉండేది. ఆ ఉదయం నేను రోడ్డు పక్కన నిలబడి, వచ్చే బస్సులను చూస్తూ, మా వాడు కూర్చున్న బైకును తలుచుకున్నాను. ఆ రాత్రి వాళ్ళ వెనుక ఏ బస్సూ రాలేదు. అంతే తేడా.

సీసా మీద ఆట బొమ్మ వేసి అమ్మే నేర్పు లోకానికి ఎప్పటినుండో ఉంది. మన పిల్లలు ప్రేమతో వేసుకునే బెంగళూరు క్రికెట్ జట్టు పేరు మొదట ఒక విస్కీ పేరునుండే వచ్చింది. జెర్సీ వేసుకోవద్దని నేననటం లేదు, పేరు ఎక్కడిదో తెలుసుకొని వేసుకోండి అంటున్నాను. మద్యానికి టీవీలో ప్రకటన చేయకూడదని నిషేధముంటే, అదే పేరుతో సోడా అనీ నీళ్ళ సీసా అనీ చూపిస్తారు. జార్జి బెస్ట్ అని ఒక ఫుట్‌బాల్ ఆటగాడు ఉండేవాడు. బెల్‌ఫాస్టులో ఒక ప్రొటెస్టెంటు కుటుంబంలో పుట్టాడు. పదిహేనేండ్లకు మాంచెస్టర్ యునైటెడ్ వారు తీసుకున్నారు, పదిహేడేండ్లకు పెద్ద జట్టులో ఆడాడు, 1968లో యూరప్ ఖండంలో ఉత్తమ ఆటగాడయ్యాడు. ఇరవై ఏడేండ్లకు ఆ జట్టు విడిచి వెళ్ళిపోయాడు. 2002లో కాలేయం మార్చారు, మళ్ళీ తాగాడు, 2005లో 59 ఏండ్లకు చనిపోయాడు. వానికి డబ్బుంది, వైద్యులున్నారు, ప్రపంచమంతా ప్రేమించింది. మన పల్లె పిల్లవానికి వాటిలో ఒక్కటీ లేదు.

ఇప్పుడు యిర్మీయా 35వ అధ్యాయానికి రండి. ఇది బైబిల్‌లో విచిత్రమైన అధ్యాయము. యెహోయాకీము దినములలో దేవుడు యిర్మీయాతో రేకాబీయులను మందిరంలోకి పిలిచి ద్రాక్షారసం త్రాగమని చెప్పమంటాడు. పిలిచినవాడు ప్రవక్త. స్థలం దేవుని మందిరపు గది. ముందర నిండు పాత్రలు, గిన్నెలు పెట్టారు. ఇంతకంటే గౌరవంగా ఎవరైనా ఎవరికైనా మద్యం ఇవ్వగలరా? అయినా వాళ్ళు వద్దన్నారు. మా పితరుడు యెహోనాదాబు మమ్మును వద్దన్నాడు, మేమూ మా పిల్లలూ ముట్టము అన్నారు. యెహోనాదాబు యెహూ రాజు కాలపువాడు, వాళ్ళకంటే రెండు వందల ఏండ్లకు పైగా ముందటివాడు. దేవుడు వాళ్ళను మెచ్చుకొని యూదావారికి మాదిరిగా చూపించాడు.

దీనిలో నాకు బోధపడినది ఇది. రేకాబీయుల కుర్రవాడు ఆ గదిలో గిన్నె చూసి అప్పుడు ఆలోచించుకోలేదు. అప్పుడు ఆలోచిస్తే ప్రవక్త ముఖం చూసి మొహమాటపడేవాడు. జవాబు వానికి ఇంట్లోనే ముందే ఇవ్వబడింది. "మా నాయన వద్దన్నాడు" అనే మాట వాని చేతిలో ఉంది. మన పిల్లల చేతిలో ఏ మాట పెట్టి కాలేజీకి పంపుతున్నాము? "జాగ్రత్త" అని పంపుతున్నాము. జాగ్రత్త అనేది డాబాలో అర్ధరాత్రి పనికిరాదు. మన తెలుగువాడైన పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లాండ్ గెలిచినప్పుడు ఒక శీతల పానీయం కంపెనీవాళ్ళు ప్రకటన కోసం వచ్చారు. తాను తాగని దానిని పిల్లలను తాగమని ఎట్లా చెప్పేదని ఆయన కాదన్నాడు. మద్యం కూడా కాదు, ఉత్త కూల్ డ్రింకు. ముందే తీర్మానించుకున్నవాడే అంత డబ్బు ముందర నిలబడి వద్దనగలడు.

కానాలో ప్రభువు ద్రాక్షారసం చేయలేదా అని ఎవరో ఒకరు తప్పక ఉత్తరం రాస్తారు. చేశాడు. పెండ్లి ఇంటి సిగ్గు కాపాడటానికి చేశాడు. పదిహేడేండ్ల పిల్లవాని సిగ్గు తీయటానికి పోసేదానిని ఆ వాక్యంతో కప్పకండి.

మా ఊరి సంగతి ముగిస్తాను. ఆసుపత్రినుండి వచ్చిన ఆదివారం నేను సంఘం ముందు నిలబడి ఆ ఆటో సంగతి ఒప్పుకున్నాను. కొందరు పెద్దలకు నచ్చలేదు. "పాస్టరుగారు తనమీద తానే బురద చల్లుకోవటం ఎందుకు" అన్నారు. తరువాత టోర్నమెంటు కుర్రవాళ్ళతో కూర్చున్నాను. మద్యం సొమ్ముతో షీల్డు వద్దు, మైదానంలో సీసా కనిపిస్తే ఆట ఆపేద్దాము అన్నాను. రెండు వారాలు వాదన జరిగింది. చివరికి ఒప్పుకున్నారు. షీల్డు చిన్నదైపోయింది. మునుపు పదహారు జట్లు వచ్చేవి, ఆ సంవత్సరం తొమ్మిదే వచ్చాయి. బయట ఊర్లవాళ్ళు "ఇది పాస్టరు టోర్నమెంటు, మజ్జిగ టోర్నమెంటు" అని నవ్వారు. స్త్రీల సమాజంవారు నిజంగానే రెండు పెద్ద కుండలతో మజ్జిగ తెచ్చిపెట్టారు, సాయంత్రం జట్లన్నిటికీ కోడి పలావు వడ్డించారు. చీకటి పడ్డాక చెరువు గట్టు మీద కొందరు తాగలేదని నేను చెప్పలేను. కానీ మైదానంలో, పెద్దల కండ్లముందు, బహుమానంగా మాత్రం ఎవరూ పోయలేదు. పోయిన సంక్రాంతికి పన్నెండు జట్లు వచ్చాయి.

మా పిల్లవాడు ఇప్పుడు కుంటుతూ నడుస్తాడు. ఆట పోయినాక రెండేండ్లు ఇంకా ఎక్కువ తాగాడు. ఆ సంగతి దాచను. ఎందుకంటే కాలు విరిగితే బుద్ధి వస్తుందని మనం అనుకుంటాము, రాదు. ఆట ఉన్నప్పుడు పార్టీకి తాగినవాడు ఆట పోయాక బాధకు తాగుతాడు. మేము ప్రార్థన చేశాము, డాక్టరు దగ్గరికి కూడా తీసుకొని పోయాము. అలవాటుపడ్డవాడు ఒక్కసారిగా మానేస్తే వణుకు, మూర్ఛ వచ్చే ప్రమాదముంది, ప్రాణానికే ముప్పు కావచ్చు. అందుకే ఇంట్లో కట్టేసి మాన్పించకండి, వైద్యుని సలహాతో మాన్పించండి. 14446 అనే ఉచిత నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. వాడు తొమ్మిది నెలలు ముట్టలేదు, తరువాత ఒకసారి పడిపోయాడు, మళ్ళీ లేచాడు. ఇప్పుడు సాయంకాలాలు హైస్కూలు పిల్లలకు చెడుగుడు నేర్పిస్తాడు. గీత ఇవతల కుర్చీ వేసుకొని కూర్చొని అరుస్తుంటాడు. మొన్న ఒక పిల్లవాడు నన్ను అడిగాడు, "అయ్యగారూ, అన్న కాలికి ఏమైంది?" అని. నేను వానివైపు చూశాను. వాడే చెప్పాడు, ఒక్కటి కూడా దాచకుండా, ఎవరు పోశారో, ఎప్పుడు పోశారో, అంతా చెప్పాడు. నా సంగతి వచ్చిన చోట మాత్రం ఆగి నా ముఖం చూశాడు. "చెప్పు నాయనా" అన్నాను.

ప్రార్థన చేసుకుందాము. పరలోకమందున్న మా తండ్రీ, మా మైదానాలలో ఆడే పిల్లలను, ఈ రాత్రి హాస్టలు గదులలో, రహదారుల మీద ఉన్న పిల్లలను నీ చేతికి అప్పగిస్తున్నాము. వారికి గ్లాసు నింపి ఇచ్చిన చేతులను, చూసి తల తిప్పుకున్న మా కండ్లను క్షమించు. ఆ తల్లికి, ఆమె కుమారునికి రేపటి దినం కూడా నిలబడే శక్తి దయచేయుము. యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.